పాలెమునుండి చిన్నటేకూరునకు

2013వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున, దీపావళి ఇంక నాలుగు దినములున్నదనగా, బెంగుళూరునుండి హైదరాబాదునకు వచ్చుచున్న ఒక బస్సు కొత్తకోటకు చేరువనున్న పాలెమువద్ద కల్వర్టు గోడను ఢీకొని అంటుకొన్నది. 45 మంది దగ్ధమైరి. 2025వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీ తెల్లవారకముందే, దీపావళి గడచిన నాలుగవ దినమున, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవుచున్న వేరొక బస్సు కర్నూలునకు ఆవల చిన్నటేకూరువద్ద అంటుకొన్నది. 19 మంది ప్రయాణికులు కాలిపోయిరి. ఆ బస్సు క్రింద చిక్కిన మోటారుసైకిలు యజమానితో కూడ చేర్చిన మృతుల సంఖ్య 20.

రెండును ఒకే రోడ్డుమీద జరిగినవి. పాలెము కృష్ణకు ఉత్తరమున నున్నది. చిన్నటేకూరు తుంగభద్రకు దక్షిణమున నున్నది. ఈ రెంటికిని నడుమ నున్నది మన నడిగడ్డ. ధరూరునుండి గద్వాలకు, గద్వాలనుండి ఎర్రవల్లి చౌరస్తాకు పోయి, అచ్చట రాత్రివేళ నిలుచుండి, వచ్చిన బస్సునెక్కి కూలికై యొకడు, కొలువుకై యొకడు, చదువునకై యొకడు పోవుచునే యున్నాడు. పాలమూరు జిల్లా వలసకు పేరుపడిన జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయి మనకు జోగులాంబ గద్వాల యను క్రొత్త పేరు వచ్చినను, ఎర్రవల్లిలో మూటలతో నిలుచుండువారి వరుస తరుగలేదు. కావున ఈ విషయము మనకు దూరపు వార్త కాదు. మనవారు ప్రతి రాత్రియు ఈ రెండు శ్మశానముల నడుమనుండియే ప్రయాణము చేయుచున్నారు.

ప్రమాదమను మాటను మనము మిక్కిలి తేలికగా వాడుచున్నాము. పత్రికలవారును దోషులే; మమ్ము మేము మినహాయించుకొనుట లేదు. సంస్కృతమున ఈ మాటకు మొదటి యర్థము ఏమరుపాటు. చేయవలసినదానిని చేయకుండుట, చూడవలసినదానిని చూడకుండుట ప్రమాదము. ఇప్పుడు వాడుకలో నది తలక్రిందులై, ఎవరి తప్పును లేని దైవఘటనకు పేరైనది. 'ప్రమాదవశాత్తు మరణించిరి' అని వ్రాసినంతనే విచారణ ముగిసినట్లు, కన్నీరొక్కటియే మిగిలినట్లు పాఠకులకు తోచును. పాలెమునందు జరిగినది మొదటి యర్థమున ప్రమాదమే. రెండవ యర్థమున గాదు.

ఆ రాత్రి జరిగినదానిని జ్ఞప్తికి దెచ్చుకొందము. బస్సు ముందు పోవుచున్న కారును దాటబోయి, రోడ్డు ఇరుకైన చోట కల్వర్టు గోడకు తగిలినది. డీసెలు తొట్టి చీలినది. ఒరిపిడికి పుట్టిన నిప్పురవ్వలు దాని నంటుకొన్నవి. లోపల తెరలు, మెత్తలు, పైకప్పు పూతలు, అన్నియు మంటకు మేతయే. బయటపడినవారిని చేతివ్రేళ్ళతో లెక్కింపవచ్చును. తక్కిన వారి దేహములను కన్నవారు సైతము గుర్తింపజాలక, రక్తపరీక్షలు చేయించి, ఎవరి బొమికలు ఎవరివో నిర్ణయింపవలసివచ్చినది. పండుగకు ఇంటికి వచ్చుచున్న కుమారుని కొరకు ఎదురుచూచిన తండ్రి, ప్రయోగశాలవారి కాగితము కొరకు ఎదురుచూచినాడు.

ఇందులో మనము గమనింపవలసిన దేమనగా, తాకిడికంటె మంటయే ఎక్కువమందిని చంపినది. తొట్టికి రక్షణ యుండి, తలుపులు తెరచుకొని, నిదురించువారికి దారి తెలిసియుండినచో, వారిలో పలువురు చేయి విరిగియో తల పగిలియో ఆసుపత్రిలో నుండెడివారు. నేడు మనతో నుండెడివారు. గోడకు తగులుట డ్రైవరు ఏమరుపాటు కావచ్చును. కాని గోడకు తగిలిన బస్సు చితియగుట డ్రైవరు చేసిన పని కాదు. దానిని కట్టినవాడు, కట్టిన పిదప మార్చినవాడు, మార్చినదానిని చూచి ముద్ర వేసినవాడు, రోడ్డును ఇరుకుగా విడిచినవాడు, వీరందరి చేతులును అందులో నున్నవి.

పాలెము గడచిన పదునైదు దినములకే, నవంబరు 14వ తేదీన, కర్ణాటకమున హావేరివద్ద బొంబాయికి పోవు మరియొక బస్సు అదేవిధముగ అంటుకొని ఏడుగురు చనిపోయిరి. అప్పుడు కొంత కలవరము కలిగినది. పోలీసు దర్యాప్తులు, అధికారుల తనిఖీలు, నాలుగు దినములు బస్సుల నాపుట, ఐదవ దినమున విడుచుట జరిగినవి. బాధిత కుటుంబములవారు న్యాయము వేడుచు హైదరాబాదు వీధులలో కూర్చుండిరి. తరువాత దేశము మరచినది.

మరువని దొక్క రోడ్డు. పండ్రెండేండ్లకు అదే ఋతువున, అదే వేళకు, అదేవిధమైన బస్సు. ఈసారి రోడ్డుమీద నప్పటికే పడియున్న మోటారుసైకిలు బస్సు క్రిందికి పోయి ఈడ్వబడినది. దాని పెట్రోలు తొట్టి మూత యూడి, కారిన పెట్రోలు రాపిడికి రగిలినది. తలుపు తెరచుకొనలేదని బ్రతికినవారు చెప్పిరి. సామానుల యరలో సెల్‌ఫోనుల సరకు కట్టలు కట్టలుగ నుండెననియు, వాని బ్యాటరీలు మంటను పెంచెననియు పరీక్షించినవారు చెప్పినట్లు పత్రికలు వ్రాసినవి. మనుష్యులెక్కిన బండిలో, వారి పడకల క్రింద, మండు సరకు! సరకునకు లారీలు లేవా? ఈ ఘోరమునకు సరిగ పది దినములు ముందు, అక్టోబరు 14వ తేదీన, రాజస్థానమున జైసల్మేరునుండి జోధ్‌పూరునకు పోవు బస్సొకటి పట్టపగలు కాలి ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. అది క్రొత్త బస్సు. పది దినములలో నెవ్వరైన ఎర్రవల్లిలో ఒక్క బస్సునాపి, వెనుక తలుపు తెరచుకొనునో లేదో చూచిరేని, చిన్నటేకూరు జరుగకపోయెనేమో యని మాకు తోచుచున్నది. జరిగియే యుండెడిదేమో కూడ. కాని చూచినవాడు లేడనుట నిజము.

ఇతరదేశములలో నిట్టివి జరుగవా యని కొందరడుగుదురు. జరుగుచున్నవి. జరిగిన పిదప వారేమి చేసిరో చూడవలయును. 1988వ సంవత్సరము మే 14వ తేదీ రాత్రి, అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, కారల్టన్ అను పట్టణముచెంత, వినోదయాత్రనుండి మరలివచ్చుచున్న పిల్లల బస్సును, త్రాగి తప్పుదారిని వచ్చిన యొక ట్రక్కు ఢీకొన్నది. 67 మంది యుండిరి. 27 మంది చనిపోయిరి. వారిలో పెక్కుమంది పిల్లలు. ఆ తాకిడికి చనిపోయినవాడు లేడు. అందరును పొగకును మంటకును బలియైనవారే. ముందు తలుపు మూసికొనిపోయినది. మిగిలినది వెనుక తలుపొక్కటి. పెట్రోలు తొట్టికి చుట్టును కంచె లేదు. తొట్టికి రక్షణ యుండవలెనను నిబంధన అమెరికాలో 1977వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఆ బస్సు దానికి కొద్దిదినములు ముందు, మార్చి నెలలో, తయారైనది. కొద్దిదినముల తేడా!

అచ్చటివారు దానిని విధి యని విడువలేదు. చనిపోయిన పిల్లల తలిదండ్రులలో కొందరు పరిహారము పుచ్చుకొని యూరకుండుటకు నిరాకరించి, బస్సు కట్టినవారిని న్యాయస్థానమున కీడ్చిరి. కెంటకీలో బడి బస్సులకు తొట్టి చుట్టును ఇనుప పంజరము, పెట్రోలునకు బదులు డీసెలు, ఎక్కువ తలుపులు, త్వరగా నంటుకొనని మెత్తలు నియమమైనవి. మన దేశమున నియమములు లేవని మేమనుట లేదు. బస్సు కట్టడమునకు కొలతలున్నవి. పడక బస్సులకు వేరుగ నిబంధనలున్నవి. ఇంజనుగదిలో మంటను కనిపెట్టు పరికరములను గూర్చియు నిబంధనలున్నవి. కాగితముపై మన దేశము ఏ దేశమునకును తీసిపోదు. కాగితమునకును ఎర్రవల్లి చౌరస్తాకును నడుమ నెన్ని మైళ్ళున్నవో యదియే తెలియకున్నది.

చిన్నటేకూరు బస్సునకు మొదట వచ్చిన నెంబరు డామన్ డయ్యూది. పడమటి సముద్రతీరమునందలి యా చిన్న కేంద్రపాలిత ప్రాంతమునుండి హైదరాబాదు ఎంత దూరము! అచ్చట ఎన్నడును తిరుగని బస్సు, ఎన్నడును చూడని రోడ్డునకు, అచ్చటి పత్రముతో ఇచ్చట తిరుగుచున్నది. పన్ను తక్కువ యున్నచోట పేరు వ్రాయించుకొని, ఆదాయ మున్నచోట నడుపుకొనుట ఈ వ్యాపారమున మామూలైనది. దేశమంతయు నొకటేయని మేమెల్లప్పుడును చెప్పుచుండువారమే. ఐక్యత తనిఖీని తప్పించుకొనుటకు ముసుగగుట మాత్రము మాకు సమ్మతము కాదు.

బస్సు యజమానులు చెప్పు జవాబును మేమెరుగుదుము. నియమములన్నియు పాటించినచో ఖర్చు పెరుగుననియు, ఖర్చు పెరిగిన ఛార్జీ పెరుగుననియు, ఛార్జీ పెరిగిన జనము ఎక్కరనియు వారందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. మనమును తెరలున్నదా, చల్లగాలి వచ్చునా, తెల్లవారుసరికి చేర్చునా యని అడుగుదుమే గాని, అద్దము పగులగొట్టు సుత్తి ఎక్కడనున్నదని అడుగము. అడిగినవానిని ప్రక్కవారు పిరికివానిగ జూతురు. అయినను ఒక తలుపు తెరచియుంచుటకు, ఒక సుత్తిని దాని తావున తగిలించుటకు, బయలుదేరుటకు ముందు రెండు నిమిషములు దారి చెప్పుటకు ఎంత ఖర్చగును? విమానమెక్కినవారికి తప్పక చెప్పుదురు. బస్సెక్కినవారి ప్రాణము చౌకయా?

ఇంతవరకు యజమానులను, అధికారులను నిందించితిమి. ఇక మన యింటిని చూచుకొందము. ఈ భాగమును వ్రాయుట మాకు సుఖము కాదు.

2017వ సంవత్సరము జూను 25వ తేదీన, రంజాను పండుగకు ముందుదినము, పాకిస్థానమున బహావల్పూరు ప్రాంతమందలి అహమ్మద్‌పూర్ షర్ఖియావద్ద పెట్రోలు ట్యాంకరొకటి బోల్తాపడినది. చుట్టుప్రక్కల పల్లెలవారు బిందెలు, సీసాలు, డబ్బాలు పట్టుకొని పరుగెత్తివచ్చిరి. నిప్పంటుకొన్నది. 200 మందికి పైగా చనిపోయిరి. 2019వ సంవత్సరము జనవరి 18వ తేదీన మెక్సికోలో త్లావెలిల్పాన్ వద్ద రంధ్రము పడిన పెట్రోలు గొట్టముచుట్టు జనము మూగి, 137 మంది కాలిపోయిరి. నైజీరియాలో జెస్సీ యను చోట 1998వ సంవత్సరమున ఇట్లే వేయిమందికి పైగా చనిపోయిరని లెక్క. కాంగోలో సాంగే, టాంజానియాలో మొరొగోరో, సియర్రా లియోన్‌లో ఫ్రీటౌన్, అన్నింట నిదే కథ. మతములు వేరు, భాషలు వేరు, ఖండములు వేరు. చేతిలోని బిందె యొక్కటియే. ఉచితముగ వచ్చు పెట్రోలు ఒక దినపు కూలికి సమానమైన యింటివారే అందరును. వారిని ఆశపోతులని తిట్టి తృప్తిపడువారు తమ కడుపు నిండియున్నదని మరచుచున్నారు. మన జాతీయ రహదారిమీదను ట్యాంకర్లు పోవుచున్నవి. ఒకటి బోల్తాపడినచో మనవారు బిందెలు తీయకుందురని ఎవరు ప్రమాణము చేయగలరు?

ధనిక దేశములకును ఈ బాధ తప్పలేదు. 1978వ సంవత్సరము జూలై 11వ తేదీన స్పెయిను దేశపు సముద్రతీరమున, లోస్ అల్ఫాకెస్ అను విడిదిచెంత, పరిమితికి మించి ద్రవవాయువును నింపిన ట్యాంకరు ప్రేలి, సెలవులకు వచ్చి గుడారములలో నున్న 200 మందికి పైగా కాలిపోయిరి. ఆ బండి వెడలుపైన రోడ్డును విడిచి తీరపు దారిని బట్టినది. అటుపిమ్మట నా దేశమువారు ఇట్టి సరకు ఊళ్ళనడుమ పోకుండ కట్టడి చేసిరి.

పెట్రోలు గుణమును గూర్చి మన బడులలో చెప్పుట లేదు. గాసునూనెకు నిప్పు తగిలినను చప్పున నంటుకొనదు; కొంత వేడెక్కవలయును. పెట్రోలు అట్లు కాదు. నీరు గడ్డకట్టు చలికి క్రిందుగ నలుబది డిగ్రీలవద్ద సైతము దానినుండి మండదగిన యావిరి వచ్చును. మన వేసవిలో నిక చెప్పనేల? ఆ యావిరి గాలికంటె మూడు నాలుగింతలు బరువైనది. పైకి పోదు, నేలను ప్రాకును. సీసా ఇచ్చట నుండగా, పది గజముల దూరమున బీడీ వెలిగించినవానివద్దకు నది కంటికి కనబడక పోయి, మంటను వెంటబెట్టుకొని తిరిగివచ్చును. కంటికి కనబడు ద్రవముకంటె కనబడని యావిరియే చంపునని తెలిసినవారు మనలో నెందరు?

అట్టి వస్తువును మనము చల్లని పానీయపు ప్లాస్టిక్ సీసాలలో పోసి, కిరాణా దుకాణము ముందు బల్లమీద వరుసగ నిలిపి, అగ్గిపెట్టెల ప్రక్కన అమ్ముచున్నాము. పెట్రోలు బంకు దూరమైన పల్లెలలో ఇది ఉపకారముగ గూడ ఎంచబడుచున్నది. అర్ధరాత్రి మోటారుసైకిలు ఆగినవానికి అది ఉపకారమే. కాని చట్టమేమి చెప్పుచున్నది? 1934వ సంవత్సరపు పెట్రోలియం చట్టము 8వ విభాగము ప్రకారము, లైసెన్సు లేనివాడు 30 లీటర్లకు మించని పెట్రోలును ఉంచుకొనవచ్చును. అదియు అమ్మకమునకు గాక తన యుపయోగమునకే. గాజు లేక మట్టి పాత్రయైన లీటరునకు మించరాదు. లోహపు పాత్రయైన 25 లీటర్లకు మించరాదు. మూత బిగువుగ నుండవలయును. తెల్లదొరల కాలపు చట్టము కనుక పనికిరాదని త్రోసివేయుటకు వీలులేదు. ఆ చట్టము నేటికిని మనదే. అందులో ప్లాస్టిక్ సీసా లేదు. అగ్గిపెట్టె ప్రక్కన బల్ల లేదు.

పట్టణముల సంగతి వేరుగ చెప్పవలయును గాని, స్థలము చాలదు. 2010లో ఢాకా నగరమున నిమ్తోలీ పేటలో రసాయనముల నిలువలంటుకొని నూరుమందికి పైగా చనిపోగా, గిడ్డంగులను ఇండ్లనడుమనుండి తరలింపవలెనని పెద్దలు తీర్మానించిరి, తరలింపలేదు, 2019లో అదే పాత ఢాకాలో చౌక్‌బజారు కాలి డెబ్బదిమంది వరకు పోయిరి. హైదరాబాదువారు దానిని చదివి జాలిపడిరి. 2023వ సంవత్సరము నవంబరులో నాంపల్లి బజారుఘాటున, కాపురములున్న మేడక్రింద రసాయనపు పీపాలంటుకొని తొమ్మిదిమంది పోయిరి. అంతకు ముందేడు సికింద్రాబాదున విద్యుత్తు స్కూటర్లమ్ము దుకాణమునుండి లేచిన పొగ పైనున్న లాడ్జికెక్కి ఎనిమిదిమందిని చంపినది. 2025 జూను 30వ తేదీన పాశమైలారమున మందుల పరిశ్రమకు పొడి తయారుచేయు కర్మాగారము ప్రేలి యాభైమందికి పైగా పనివారు మరణించిరి. వారిలో పెక్కుమంది ఇతర రాష్ట్రములనుండి కూలికై వచ్చినవారు. మనవారు బొంబాయికి పోయినట్లే వారిచ్చటికి వచ్చిరి.

ప్రపంచమున కాలిన గాయములచేత ఏటేట 1,80,000 మంది చనిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి యంచనా. అందు హెచ్చుభాగము బీద దేశములవారు. వారిలో స్త్రీలు తక్కువవారు కారు. పొయ్యి యెదుట నిలుచుండువారు వారే గదా. నడిగడ్డలో మరియొకటి గలదు. పత్తి తీసిన నెలలలో ధర వచ్చువరకు రైతు దానిని ఇంటిలోనే, పడుకొను గదిలోనే పోసికొనును. వంటయు నా ప్రక్కనే. పత్తిలో బడిన నిప్పు పైకి కనబడక లోలోపల తినుకొనుచు పోవును. నీరు చల్లి ఆరినదని నిదురించినవాడు మరల మంటకు లేచును. దీనికి రైతును నిందింపలేము. పత్తి దాచుకొనుటకు ఊరిలో వేరొక చోటు చూపని మనలనే నిందించుకొనవలయును.

మేము కోరునవి పెద్దవి కావు. వచ్చు దీపావళికి ముందు నెలలో, ఎర్రవల్లివద్దను, పెబ్బేరువద్దను రాత్రివేళ బస్సులనాపి, పత్రములనే గాక తలుపులను చూడవలయును. తెరచుకొనని తలుపుగల బస్సును అక్కడనే దింపవలయును, ప్రయాణికులను వేరొక బస్సులో పంపవలయును. సరకుల యరను తెరచి చూడవలయును. తప్పు కనబడినచో యజమానికి జరిమానా వేసి విడుచుట చాలదు. ముద్ర వేసిన యుద్యోగి పేరుకూడ ప్రకటింపవలయును. పాలెమువద్ద నూరక నిలిచిన ఇరుకు కల్వర్టులవంటివి ఈ దారిలో నింక నెన్ని యున్నవో రహదారి శాఖవారు లెక్క చెప్పవలయును. ధరూరు, గద్వాల, ఆలంపురము ప్రాంతముల పఠనమందిరములవారు పైన చెప్పిన 8వ విభాగమును పెద్ద యక్షరములతో వ్రాయించి, తమ గోడకు గాక ఊరి కిరాణా దుకాణపు గోడకు, సీసాల బల్లకు నెదురుగ, తగిలింపుడు. దుకాణదారుడు కోపించినచో మా పేరు చెప్పుడు. ఎర్రవల్లిలో మీరు గాని మీ పిల్లలు గాని బస్సెక్కునపుడు, పడక వెదకుటకు ముందు వెనుకకు పోయి, ఆ రెండవ తలుపును ఒకసారి చేతితో త్రోసి చూడుడు. తెరచుకొననియెడల దిగిపొండు, దిగి, బస్సు నెంబరును మాకు వ్రాయుడు. వచ్చిన ప్రతి నెంబరును ఈ పుటలో అచ్చువేయుదుము.